ఊపిరికి రెండంగుళాలు

మా బావ మనుషుల్ని ముఖాన్ని బట్టి గుర్తుపట్టేవాడు కాదు. వీధిలో ఎవరైనా ఆగి పలకరిస్తే నవ్వుతూ మాట్లాడి పంపేసి, నాలుగడుగులు వేశాక మా అక్క వైపు వంగి, "ఎవరే ఆయన? ఛాతీ నలభై, చేతులు కాస్త పొడుగు, బూడిదరంగు కోటు, రెండు గుండీలు" అనేవాడు. అక్క పేరు చెప్పేది. "అదీ! కోటు లేకుండా తిరుగుతుంటే ఎలా పోల్చుకుంటాం?" అని తప్పు ఆ మనిషి మీదికే నెట్టేసేవాడు.

బావ పోయి రెండేళ్ళయింది. పోయినవాళ్ళ గురించి రాయబోతే మంచి మాటలు వాటంతట అవే వచ్చి వరసలో నిలబడతాయి. ఆయనకది గిట్టదు. "పొగడ్త రెడీమేడ్ చొక్కా లాంటిది మరదలా. అందరికీ పడుతుంది, ఎవరికీ అమరదు" అనేవాడు. అందుకని ఒక్క సంగతే రాస్తాను. వెన్ను విరిగిన తర్వాత ఆయన మళ్ళీ నిలబడి ఒక కోటు కత్తిరించిన సంగతి.

బావ ఒక పెద్ద బట్టల దుకాణంలో కటింగ్ మాస్టరు. ముందు గదిలో గాజు తలుపులు, నిలువుటద్దాలు, కప్పు దాకా అరలు, అరల నిండా బట్ట తానులు. వెనక గదిలో నాలుగు కుట్టుమిషన్లు, కిటికీ పక్కన కటింగ్ బల్ల. బల్ల ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. ఇరవై ఆరేళ్ళుగా ఒకే మనిషి ఆనుకుని నిలబడటం వల్ల దాని అంచు ఒకచోట వాడిన సబ్బుబిళ్ళలా అరిగి నునుపెక్కింది. కుట్టేవాళ్ళు కూర్చుని కుడతారు. కత్తిరించేవాడు నిలబడే కత్తిరించాలి. "పక్కనుంచి చూస్తే బట్ట అబద్ధం చెబుతుంది. పైనుంచి చూస్తేనే పోగు ఎటు పోతోందో తెలుస్తుంది" అని ఆయన వాదన.

ఆయన కత్తెర ఇంకెవరూ ముట్టుకోకూడదు. మాస్టర్లందరికీ ఉన్న పట్టింపే ఇది. ఒక్కో చేతికి కత్తెర ఒక్కోలా అరుగుతుందట, వేరేవాళ్ళు వాడితే దాని నోరు తిరిగిపోతుందట. నేను అప్పట్లో ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతూ వాళ్ళింట్లోనే ఉండేదాన్ని. ఒకసారి తెలియక ఆ కత్తెరతో బిస్కెట్ల పొట్లం కత్తిరించాను. బావ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడోరోజు మాట్లాడిన మొదటి మాట, "పళ్ళతో చింపుకోలేకపోయావా?"

పడింది దుకాణంలోనే. ఎవరో పై అరలోని తాను చూపించమంటే ఆయనే నిచ్చెన ఎక్కాడు. నిచ్చెన కాలు జారింది. వెల్లకిలా వచ్చి కౌంటర్ మూలకి తగిలాడు. రెండు భుజాల మధ్య వెన్నుపూస విరిగి లోపలి నరం దెబ్బతింది. చేతులు మిగిలాయి. ఛాతీ మధ్య నుంచి కిందికి ఏదీ మిగల్లేదు.

మేమంతా కాళ్ళ గురించే ఏడ్చాం. ఆ కాళ్ళ కంటే ముందు అడ్డం పడేది ఇంకొకటి ఉంటుందని మాకేం తెలుసు? ఆస్పత్రిలో ఆయన్ని మొదటిసారి మంచం అంచున కూర్చోబెట్టినప్పుడు, "అబ్బ, కిటికీ బయట చెట్టు ఉందని ఎవరూ చెప్ప..." అన్నాడు. అంతే. ముఖం సున్నం కొట్టినట్టు తెల్లబడి, మాట మధ్యలోనే మనిషి మాయమైపోయాడు. అక్క కెవ్వుమంది. నర్సు మాత్రం తొణక్కుండా ఆయన్ని పడుకోబెట్టి కాళ్ళు ఎత్తి పట్టుకుంది. అర నిమిషంలో కళ్ళు తెరిచి, "...లేదే" అని వాక్యం పూర్తి చేశాడు.

తర్వాత డాక్టరు వివరంగా చెప్పాడు. మామూలు మనిషి లేచి నిలబడగానే రక్తం బరువుకి కిందికి జారుతుంది. వెంటనే కాళ్ళలో, పొట్టలో రక్తనాళాలు మనకి తెలియకుండానే బిగుసుకుని దాన్ని పైకి నెడతాయి. అలా బిగుసుకోమని మెదడు పంపే కబురు విరిగినచోట దాటి కిందికి పోవడం లేదు. కాబట్టి లేపిన ప్రతిసారీ బీపీ పడిపోతుంది, తలకి రక్తం చాలదు. డాక్టరు బొమ్మ గీసి చూపించాడు. బావ ఆ బొమ్మని కాసేపు చూసి, "అర్థమైంది సార్. జేబు చిరిగిన కోటు. వేసినవన్నీ అంచులోకి జారిపోతున్నాయి" అన్నాడు. డాక్టరు నవ్వి, ఆ తర్వాత వేరే రోగులకి కూడా అలాగే చెప్పడం మొదలుపెట్టాడని విన్నాం.

ఇంటికి వచ్చాక ఉదయాలన్నీ ఆ చిరిగిన జేబు చుట్టూ తిరిగేవి. మంచానికి తలవైపున్న కోళ్ళ కింద చెక్కదిమ్మలు పెట్టాం, పడుకున్నా తల ఎత్తులోనే ఉండాలని. లేవగానే రెండు గ్లాసుల నీళ్ళు. ఉప్పు ఎంత వేసుకోవాలో డాక్టరే లెక్క చెప్పాడు. పడుకుని ఉండగానే తొడల దాకా బిగుతు మేజోళ్ళు తొడగాలి. అదొక యుద్ధం. అక్క మంచం మీద మోకాళ్ళేసి, చెమటలు కక్కుతూ లాగేది.

"ఏమండీ, మీరు కాస్తయినా సాయం చెయ్యొచ్చుగా."

"సాయం చేస్తూనే ఉన్నాగా. కాలు కదపకుండా ఎంత బుద్ధిగా పెట్టానో చూడు."

మేజోళ్ళ తర్వాత పొట్టకి బెల్టు. అప్పుడు దిండ్లు పేర్చి నడుం సగం లేపడం, ఆగడం. ఇంకాస్త లేపడం, ఆగడం. కాళ్ళు కిందికి దించడం, మళ్ళీ ఆగడం. అక్క బీపీ చూసి గోడ మీది క్యాలెండరు గళ్ళలో రాసేది. పడుకున్నప్పుడు పై అంకె నూట పది, కూర్చున్నాక ఎనభై ఎనిమిది, పావుగంటకి తొంభై ఆరు. అప్పుడు కుర్చీలోకి. కడుపు నిండా తింటే కూడా బీపీ జారుతుంది కాబట్టి కొంచెం కొంచెంగా నాలుగుసార్లు తినేవాడు. "పసిపిల్లాణ్ణి చేసేశారు నన్ను" అనేవాడు గానీ, నాలుగోసారి ఆలస్యమైతే చెంచాతో కుర్చీ చేతి మీద కొట్టేవాడు.

ఏడో నెలలో దుకాణం పెద్దాయన వచ్చాడు. దుకాణం ఆయనదే. అంతకుముందు కూడా వారం వారం వచ్చేవాడు గానీ, ఆ రోజు కుర్చీ చివర కూర్చుని టోపీ చేతుల్లో తిప్పుతూ ఉంటేనే ఏదో ఉందని తెలిసిపోయింది.

"మాస్టరూ, కోటు కావాలని వచ్చినవాళ్ళని ఏడు నెలలుగా వెనక్కి పంపుతున్నాను. ఇంకా ఎంతమందిని పంపను చెప్పు?"

"పంపకండి."

"వచ్చే నెలాఖరుకి కొత్త మాస్టరు వస్తానన్నాడు. బల్ల అతనికి ఇవ్వాలి. నువ్వు మాత్రం దుకాణానికి రా. కొలతలు తీసుకో, ట్రయల్ చూడు, కౌంటర్ దగ్గర కూర్చో. నిన్ను వదులుకుంటానని అనుకోకు."

కౌంటర్ దగ్గర కూర్చోవడం అవమానమేమీ కాదు. చాలామంది సంతోషంగా ఒప్పుకునేవాళ్ళు. బావ మాత్రం రెండు చేతులూ ఒడిలో పెట్టుకుని, వాటిని ఎవరివో చూస్తున్నట్టు చూశాడు.

"నెలాఖరు అంటే అయిదు వారాలుంది" అన్నాడు చివరికి. "ఆ లోపల ఆ బల్ల దగ్గర నిలబడి ఒక కోటు కత్తిరిస్తాను. మొదటి గీత నుంచి ఆఖరి ముక్క దాకా. కత్తిరించగలిగితే బల్ల నాది. లేకపోతే మీరన్న కౌంటరే."

"నిలబడా?"

"కూర్చుని కత్తిరిస్తే మీకే నచ్చదు."

పెద్దాయన అక్క వైపు చూశాడు. అక్క నా వైపు చూసింది. నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను. ఒక కోటు గీసి కత్తిరించడానికి బావకి నలభై నిమిషాలు పడుతుంది. అప్పటికి ఆయన నిలబడగలుగుతున్నది ఎనిమిది.

నిలబెట్టే ఫ్రేము ఒకటి అంతకుముందే ఆస్పత్రి నుంచి అద్దెకి తెచ్చుకున్నాం. మోకాళ్ళ ముందు మెత్తలు, నడుం వెనక ఒక పట్టీ, ఛాతీకి ఒక పట్టీ. సైకిలు పంపు కొట్టినట్టు పక్కనున్న పిడిని కొడుతూ ఉంటే సీటు మెల్లగా లేచి మనిషిని నిలబెడుతుంది. వారానికి మూడుసార్లు ఫిజియో అమ్మాయి వచ్చేది. ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఆయన్ని వాలు బల్లకి కట్టి రోజుకి కొన్ని డిగ్రీల చొప్పున లేపిన మనిషి ఆమే. అందుకని బావ ఆమెకి డిగ్రీ మేడమ్ అని పేరు పెట్టాడు. ఆమె వచ్చి గడియారం గోడకి ఆనించి పెట్టేది. లేచిన మూడో నిమిషం నుంచి బావ మెడ వెనక పట్టేసేది. "హ్యాంగరు నొప్పి" అనేవాడు దాన్ని. మెడ మీద కొక్కెం, రెండు భుజాల మీదికి కమ్మీ, సరిగ్గా ఆ ఆకారంలోనే వచ్చేది. డిగ్రీ మేడమ్ ఆశ్చర్యపోయి, పుస్తకాల్లో కూడా దాన్ని అలాగే అంటారని చెప్పింది. "ఆ పుస్తకం ఎవరో దర్జీ రాసుంటాడు" అన్నాడు బావ.

ఆ తర్వాత ఆవులింతలు. తర్వాత మా మాటలు పక్కింట్లోంచి వినిపిస్తున్నట్టు ఉండేవట. తర్వాత చూపు అంచుల నుంచి బూడిదరంగులోకి పోయేది. అప్పుడు దించేసేవాళ్ళం. ఎనిమిది నిమిషాలు. ఏడు. ఎనిమిదిన్నర.

తప్పంతా ఆస్పత్రివాళ్ళ బెల్టుదేనని బావ తేల్చాడు. "దీన్ని కత్తిరించినవాడికి మనిషి గుండ్రంగా ఉంటాడని తెలియదు. నలుపలకల మనిషికి కుట్టాడు." అందులో కొంత నిజం ఉంది. ఆ బెల్టు కాసేపటికి పైకి జారి పక్కటెముకల మీదికి ఎక్కేది. తనకి తానే ఒకటి చేసుకుంటానన్నాడు. వెడల్పాటి ఎలాస్టిక్, మందపాటి కాన్వాసు, లోపల మెత్తటి లైనింగు, ముందువైపు నాలుగు వెల్క్రో పట్టీలు తెప్పించాడు. కుర్చీలో కూర్చుని ఉండగా అక్క చేత కొలత తీయించుకున్నాడు. కుర్చీ చేతుల మీద చెక్కపలక పెట్టుకుని తన కత్తెరతో కత్తిరించాడు. ఏడు నెలల తర్వాత ఆ కత్తెర చప్పుడు ఇంట్లో వినబడితే అక్క వంటింట్లో గిన్నె తోమడం ఆపేసి అలాగే నిలబడిపోయింది. అక్కే మిషన్ మీద కుట్టింది. బెల్టు ఎంత అందంగా వచ్చిందంటే, దాన్ని చొక్కా పైన పెట్టుకుని తిరిగినా బాగుండేది.

మర్నాడు అది పెట్టుకుని నిలబడ్డాడు. నాలుగు నిమిషాలు.

"నిద్ర సరిపోలేదు" అన్నాడు. తర్వాతి రోజు నాలుగున్నర. "ఎండ." ఆ తర్వాతి రోజు మూడు నిమిషాలకే కళ్ళు తేలేశాడు. పిడి వదిలి సీటు దించేలోపల తల ఛాతీ మీదికి వాలిపోయింది. స్పృహ వచ్చాక మొదట చేసిన పని, బెల్టు ముడత పడిందేమోనని తడుముకోవడం. మేమిద్దరం ముఖాలు చూసుకున్నాం. అయిదు వారాల్లో రెండు అయిపోయాయి.

డిగ్రీ మేడమ్ వచ్చి క్యాలెండరు చూసింది.

"ఏంటి మాస్టారూ, ఎనిమిది నుంచి మూడుకి దిగారు?"

"ఎండలమ్మా."

"ఫ్యాను కిందేగా ఉంటున్నారు?"

"ఆ ఫ్యాను కూడా ఎండలోంచే గాలి తెస్తోంది."

ఆమె నవ్వలేదు. ఆయన చుట్టూ ఒకసారి తిరిగింది. "కొత్త బెల్టా? ఎక్కడ కొన్నారు?"

"కొనడమేంటి? నేనే కత్తిరించాను. ఎక్కడైనా ఒక్క ముడత చూపించు, చూస్తాను."

ముడత లేదు. ఆమె బెల్టు పై అంచు దగ్గర వేళ్ళు పెట్టి లోపలికి దూర్చింది. వేళ్ళు వెళ్ళాయి. అరచెయ్యి వెళ్ళింది. మణికట్టు దాకా చెయ్యి మొత్తం హాయిగా వెళ్ళిపోయింది.

"మాస్టారూ, ఇందులో నా చెయ్యి పడుతోంది."

"పట్టాలి కదమ్మా. లూజు వదిలాను. ఊపిరికి రెండంగుళాలు."

డిగ్రీ మేడమ్ నుదురు కొట్టుకుని మంచం మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. అక్కకి ముందు అర్థం కాలేదు, అర్థమయ్యాక కొంగు నోట్లో కుక్కుకుంది. బిగించి రక్తాన్ని పైకి నెట్టవలసిన బెల్టుని ఈయన పండక్కి కోటు కత్తిరించినట్టు సుఖంగా, వదులుగా కత్తిరించాడు. పైగా కూర్చుని కొలిచాడు. కండ పట్టు లేని పొట్ట కూర్చుంటే ముందుకి జారుతుంది కాబట్టి అక్కడ ఇంకో మూడంగుళాలు కలిసింది.

"నవ్వండమ్మా, నవ్వండి" అన్నాడు బావ. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "మనిషన్నాక ఊపిరి తీసుకోడా?"

"తీసుకుంటాడు మాస్టారూ, ఛాతీతో. దీన్ని పక్కటెముకల కింద కట్టాలి, పడుకుని ఉండగానే కట్టాలి. మిమ్మల్ని సుఖపెట్టడం దీని పని కాదు. పడుకుని కొలిచి, ఆ కొలత కంటే తక్కువ కత్తిరించండి. మరీ బిగదీయకూడదు. తలపోటొచ్చినా, ముఖం ఎర్రబడి చెమటలు పట్టినా, ఆ క్షణమే లేపి కూర్చోబెట్టి విప్పేయండి. కొత్తది అయ్యాక డాక్టరు గారికి చూపించాకే వాడదాం."

"కొలత కంటే తక్కువా?" దొంగతనం చెయ్యమన్నట్టు చూశాడు ఆమె వైపు. "ఇరవై ఆరేళ్ళలో ఒక్క మనిషికి కూడా కొలత కంటే తక్కువ కత్తిరించలేదమ్మా నేను."

ఆ సాయంత్రం అక్క ఆయన్ని పడుకోబెట్టి మళ్ళీ కొలిచింది. ముప్ఫై మూడు వచ్చింది. ముప్ఫై దగ్గర కత్తిరించాలి. పలక మీద ఎలాస్టిక్ పరిచి, సుద్ద తీసి గీశాడు. నేను టేపు పెట్టి చూశాను. ముప్ఫై మూడున్నర.

"బావా, మూడున్నర ఎక్కువ గీశావు."

"నేను గీయలేదే. చెయ్యి గీసింది."

చెరిపి మళ్ళీ గీశాడు. ముప్ఫై రెండు ముప్పాతిక. మూడోసారి అంకె పైకి చదువుతూ గీశాడు. సరిగ్గా ముప్ఫై దగ్గరే వచ్చింది. తీరా కత్తెర పెట్టేసరికి అది గీతకి అవతల నుంచి నడవబోయింది. ఆగిపోయాడు. ఆ చేతిని నేను ఎన్నడూ అలా చూడలేదు. ఎప్పుడూ మాట వినేది, ఆ పూట మొండికేసింది.

కత్తెర తిప్పి పిడివైపు అక్కకి చాపాడు. "ఇదిగో. నేను అటు చూస్తాను. నువ్వు కత్తిరించెయ్."

అక్క చేతులు వెనక్కి పెట్టుకుంది. "దాంతోనా? రేపు దాని నోరు తిరిగిపోయిందంటే నాకు సంబంధం లేదు."

"దాని నోరు తిరిగితే సానపెట్టిస్తాను. నా కళ్ళు తిరిగితే ఎక్కడ పెట్టించను? కానియ్."

ఆయన నిజంగానే కిటికీ వైపు తల తిప్పుకున్నాడు. అక్క చీర కొంగుకి రెండు చేతులూ తుడుచుకుని, నాలుక కొరుక్కుంటూ, ముప్ఫై దగ్గర కత్తిరించింది. గీత కొంచెం వంకర పోయింది. బావ చూసి, "ఇరవై రెండేళ్ళ కాపురంలో నాకు పట్టుబడని విద్య అరనిమిషంలో చేసేశావు. ఎదటి మనిషికి ఊపిరాడకుండా చెయ్యడం" అన్నాడు. అక్క కత్తెర పలక మీద పెట్టి, "ఇన్నాళ్ళూ మీరు ఆడనిచ్చారు గనకా?" అంది.

డాక్టరు చూసి సరేనన్నాక వంకర బెల్టుతో నిలబడ్డాడు. పదకొండు నిమిషాలు. నాలుగు రోజులకి పదిహేను. ఆ తర్వాత పందొమ్మిది. అంకెలకి తోడు ఇంకొకటి కూడా మారింది. ఇదివరకు చూపు బూడిదరంగయ్యే దాకా "బాగానే ఉంది" అనేవాడు. డిగ్రీ మేడమ్ చెయ్యి బెల్టులోకి మణికట్టు దాకా దూరిన రోజు తర్వాత, "కొక్కెం తగిలింది", "ఇదిగో మొదటి ఆవులింత", "మీరు పక్కింటికి వెళ్ళిపోయారు" అని ఎప్పటికప్పుడు చెప్పడం మొదలుపెట్టాడు. రెండో ఆవులింతకి దించమనేవాడు. అలా దించితే మూర్ఛ రాదు. పదిహేను నిమిషాల్లో మళ్ళీ లేవొచ్చు. మూర్ఛ వచ్చేదాకా ఆగితే ఆ పూటకి ఇంక అంతే.

ఇంకో చిక్కు ఉంది. ఛాతీకి పట్టీ కట్టి ఉన్న మనిషి బల్ల మీదికి వంగలేడు. మామూలుగా మాస్టరు బట్ట చుట్టూ తిరుగుతాడు. ఇక్కడ బట్టే ఆయన దగ్గరికి రావాలి. అందుకు అక్క కావాలి. నేను అచ్చాఫీసు నుంచి చెత్త ప్రూఫు కాగితాలు తెచ్చేదాన్ని. వాటిని అంటించి బట్టంత చేసి భోజనాల బల్ల మీద పరిస్తే, ఆయన ఎనిమిదో తరగతి భూగోళం మీద కోటు గీసేవాడు.

"లాగు. నీ వైపు. అంత కాదు, రెండంగుళాలు. అబ్బ, దుప్పటి దులపడం లేదు మనం!"

"నెమ్మదిగా చెప్పండి. మీ దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చానా, కాపురానికి వచ్చానా?"

"రెండూ ఒకటే, లాగు."

నెలాఖరు ముందు రోజు ఫ్రేముని వ్యానులో ఎక్కించుకుని దుకాణానికి వెళ్ళాం. ఉదయం పదిన్నర. ఎండ ముదరకముందు, టిఫిన్ అరిగాక, నీళ్ళు తాగిన తర్వాత. డిగ్రీ మేడమ్ సెలవు పెట్టుకుని వచ్చింది. మిషన్ల దగ్గర నలుగురూ కుడుతున్నట్టు నటించారు. పెద్దాయన ఒక నల్లబూడిద బట్ట తెచ్చి బల్ల మీద పరిచాడు.

"ఎవరికి?" అన్నాడు బావ.

"నాకే. పాడైతే నాదే పాడవుతుంది."

అక్క పిడి కొట్టింది. బావ మెల్లగా లేచాడు. బల్ల అంచు నడుం దగ్గరికి వచ్చింది. రెండు అరచేతులూ బట్ట మీద ఆనించి, ఒకసారి ఈ చివర నుంచి ఆ చివరకి పైనుంచి చూశాడు. తర్వాత సుద్ద తీశాడు.

వెనక భాగం గీశాడు. అక్క లాగింది. ముందు భాగాలు గీశాడు. జేబు గుర్తు పెట్టాడు. పన్నెండు నిమిషాలు. "కొక్కెం తగిలింది" అన్నాడు, గీస్తూనే. పద్దెనిమిది. కత్తెర పట్టుకుని వెనక భాగం కత్తిరించడం మొదలుపెట్టాడు. ఆ బరువైన కత్తెర బట్టలో నడిచే చప్పుడుకి మిషన్ల దగ్గర నటన కూడా ఆగిపోయింది. ఇరవై ఒకటో నిమిషంలో ఆవులించాడు. ఇరవై మూడులో మళ్ళీ ఆవులించాడు. ఒక ముందు భాగం సగం తెగి ఉంది. చేతులు, కాలరు ఇంకా గీయనే లేదు.

అక్క ఆయన ముఖంలోకి చూస్తోంది. డిగ్రీ మేడమ్ ఒకడుగు ముందుకి వేసి ఆగింది. ఆయన చెప్పాలి. నేను ఆ కొద్ది సెకన్లూ ఇప్పటికీ లెక్కపెట్టగలను. ఇంకో నిమిషం బిగబట్టి ఆ ముక్క పూర్తి చేస్తాడనీ, ఆ బట్ట మీదే వాలిపోతాడనీ అనుకున్నాను. మొదటి గీత నుంచి ఆఖరి ముక్క దాకా అన్నది ఆయనే.

కత్తెర తెరిచి బట్టలోంచి బయటికి తీశాడు. పక్కన పెట్టాడు.

"దించు" అన్నాడు.

కుర్చీలోకి మార్చి, వెనక్కి వాల్చి, కాళ్ళ కింద రెండు తానులు పెట్టాం. నీళ్ళు తాగించాం. బెల్టు కాస్త సడలించాం. బీపీ పై అంకె డెబ్భై ఎనిమిది ఉంది. బావ కళ్ళు మూసుకుని కప్పు వైపు ముఖం పెట్టి, "పెద్దాయనా, ఒక్క నిలువున కాలేదు. చూశారుగా" అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. అక్కే ముఖం తిప్పుకుంది.

పెద్దాయన స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నాడు. "ఒక్క నిలువున అని ఎవరన్నారు?"

"నేనే."

"నువ్వు ఒక కోటు అన్నావు. నిలబడి అన్నావు. మధ్యలో కూర్చోనని అనలేదు. ఇరవై ఆరేళ్ళలో నువ్వు ఏ కోటైనా కాఫీకి పోకుండా కత్తిరించావా? కాఫీకి పోయి అరగంట రానివాడివి, ఇవాళ పావుగంట పడుకున్నావని నేను లెక్కపెట్టాలా?"

మిషన్ల దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు.

"సగం తెగిన బట్ట అలా వదిలేస్తే పోగు జారుతుంది" అని బావ కళ్ళు తెరిచాడు. "ఎవరైనా దాని మీద బరువు పెట్టండి. అటు కాదు, ఇటు. చెయ్యి పెట్టకండి, ఇస్త్రీపెట్టె పెట్టండి, చల్లదే కదా?"

పదిహేడు నిమిషాల తర్వాత మళ్ళీ బెల్టు బిగించి లేపాం. ఈసారి ముందు భాగాలు రెండూ పూర్తిచేసి, చేతులు గీసి, మొదటి ఆవులింతకే దించమన్నాడు. మూడోసారి లేచి చేతులు, కాలరు, జేబు మూతలు కత్తిరించాడు. ముక్కలన్నీ పేర్చి, పై ముక్క మీద సుద్దతో అడ్డంగా ఒక గుర్తు గీశాడు. పని పూర్తయిందని ఆ దుకాణంలో అదే ఆనవాలు. గోడ గడియారం పన్నెండు దాటింది.

పెద్దాయన ముక్కల్ని ఒక్కొక్కటే ఎత్తి కిటికీ వెలుగులో చూశాడు. చాలాసేపు చూశాడు. బావకి బీపీ పడిపోయిందో లేదో గానీ, మాకు మాత్రం ఆ కాసేపట్లో పడిపోయింది.

"కొత్తతనికి మాటిచ్చేశాను. రావద్దనలేను" అన్నాడు పెద్దాయన. "ప్యాంట్లు, చొక్కాలు అతనివి. కోట్లు నీవి. రోజుకి ఒక్కటే. రెండోది ముట్టుకున్నావంటే ఈ ఫిజియో అమ్మాయికి ఫోను చేస్తాను."

"మరి బల్ల?"

"బల్లకి రెండు చివరలున్నాయి."

"కిటికీ వైపు చివర నాకు."

"వచ్చినవాడికి వెలుగు వద్దా?"

"చొక్కాలకి వెలుగెందుకు? లైటు వేసుకుంటాడు."

పెద్దాయన ఒప్పుకున్నాడు. ఆ కిటికీ వైపు చివర బావ పదకొండేళ్ళు పనిచేశాడు. రోజుకి ఒక కోటు, కోటుకి మూడు లేవడాలు. ఎండలు మండే నెలల్లో రెండు రోజులకి ఒక కోటు. బట్ట లాగడానికి పక్కన అక్క. మూడేళ్ళయ్యేసరికి ఆయన నోరు తెరవకముందే ఆమె లాగేసేది. చిన్న కోట్లు ఆమే గీయడం మొదలుపెట్టింది. వేరే కత్తెర కొనుక్కుంది, దాన్ని ఆయన్ని ముట్టుకోనిచ్చేది కాదు.

ఆ మొదటి కోటు వారానికి ట్రయల్‌కి వచ్చింది. పెద్దాయన అద్దం ముందుకి వెళ్ళబోతే బావ వద్దన్నాడు. తనని లేపమన్నాడు. అక్క పిడి కొట్టింది. సీటు ఎత్తుతూ ఎత్తుతూ ఉంటే ఆయన తల ముందు పెద్దాయన గుండీల దాకా, తర్వాత గడ్డం దాకా, తర్వాత కళ్ళ దాకా వచ్చింది. ఎనిమిది నెలల తర్వాత ఇద్దరూ ఎదురెదురుగా ఒకే ఎత్తులో ఉన్నారు. పెద్దాయన కౌగిలించుకోబోతున్నట్టు ముందుకి ఒరిగాడు.

"కదలకండి" అన్నాడు బావ, పెదాల మధ్య గుండుసూదులు పట్టుకుని. "ఈ చెయ్యి పావంగుళం తగ్గించాలి. నాకు పద్దెనిమిది నిమిషాలే ఉంది."